కౌగేట్‌లో గేటు ఎక్కడండీ బాబూ? (పాత ఇంగ్లీషు, స్కాట్స్ ఊరి మాటలు)

కాకినాడ_కాజా · శని, రాత్రి 9:40
నమస్తే అండి అందరికీ. స్కాట్లండులో ఎడిన్‌బరాకి వచ్చి నెలన్నర అయింది, ఆఫీసు బానే ఉంది చలే చంపేస్తంది. ఇవాళ జరిగింది చెప్తాను నవ్వకండి. కొలీగ్ ఒకడు సాయంత్రం కౌగేట్‌లో కలుద్దాం అన్నాడు, సరే ఆవుల గేటంటే ఏదో పాత కోటగుమ్మం లాంటిది ఉంటదిలే అనుకుని వానలో ఇరవై నిమిషాలు ఆ రోడ్డు ఈ చివర్నించి ఆ చివరికి తిరిగాను, గేటూ లేదు గుమ్మమూ లేదు, ఒక పెద్దాయన్ని అడిగితే నువ్వు నిలబడ్డదే కౌగేటు నాయనా అని నవ్వుకుంటా పోయాడు. ఇంకోటి, నా ఫ్లాట్ అడ్రస్‌లో 3ఎఫ్2 అని ఉంది, పక్క సందు పేరు చివర క్లోజ్ అని ఉంది, క్లోజ్ అయితే మరి లోపలికి ఎలా వెళ్తారండి? ఈ ఊరి మాటలకి వేరే డిక్షనరీ ఏవన్నా ఉందా?

గ్లాస్గో_గోంగూర · శని, రాత్రి 9:58
హహహ వెల్కమ్ తమ్ముడూ, అందరం తిరిగినవాళ్ళమే. గేట్ అంటే ఇక్కడ వీధి. మా గ్లాస్గోలో ట్రాన్‌గేట్, గాలోగేట్ అన్నీ వీధులే. 3ఎఫ్2 అంటే మూడో అంతస్తు రెండో ఫ్లాటు, మా దగ్గర అదే 3/2 అని రాస్తారు. క్లోజ్ సంగతి కొంచెం తిరకాసు, మీ ఎడిన్‌బరాలో క్లోజ్ అంటే మెయిన్ రోడ్డు నించి ఇళ్ళ మధ్యకి దూరే సన్నటి సందు, చుట్టూ కట్టి ఉన్న సొంత జాగా అని ఆ పేరు, ఒకప్పుడు రాత్రి తలుపు కూడా వేసుకునేవాళ్ళు. మాకు క్లోజ్ అంటే అపార్ట్‌మెంట్ కింద గుమ్మం, మెట్లు, ఆ కామన్ జాగా అంతా. గోడలకి పింగాణీ టైల్స్ ఉంటే వాలీ క్లోజ్ అంటారు, ఇల్లు అద్దెకి చూడ్డానికి వెళ్ళినప్పుడు అది కాస్త గొప్ప అన్నమాట.

కాకినాడ_కాజా · శని, రాత్రి 10:03
గేట్ అంటే వీధా!! మరి గేటుని ఏమంటారండి?

ఓరుగల్లు_పోరి · శని, రాత్రి 10:11
పోర్ట్ అంటరు 😂 నేను లీత్‌ల ఉంట, ఓడరేవు పక్కనే, గందుకని వెస్ట్ పోర్ట్ అని బోర్డు చూస్తె ఇక్కడ గూడ ఓడలొస్తయేమో అనుకున్న. గుట్ట మీద ఓడలేంది అని మా రూమ్మేట్ నవ్వింది. ఊరి గోడకి పడమటి దర్వాజ అంట అది. మన హైదరాబాద్‌ల దబీర్‌పురా దర్వాజ లెక్క. కానీ ఈడ దర్వాజ పోయింది, పేరే మిగిలింది.

యార్క్_మాస్టారు · శని, రాత్రి 11:20
కాజా గారూ, మంచి ప్రశ్న వేశారు. నేను ఇంగ్లండులో యార్క్‌ అనే ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను, ఇక్కడ ఒక పాత జోకు ఉంది, మా ఊళ్ళో స్ట్రీట్లని గేట్లంటారు, గేట్లని బార్లంటారు, బార్లని పబ్బులంటారు అని. నిజంగా అంతే. స్టోన్‌గేట్, కాపర్‌గేట్ వీధులు, మికిల్‌గేట్ బార్, బూతమ్ బార్, మంక్ బార్, వామ్‌గేట్ బార్ ఈ నాలుగూ ఊరి గోడ గుమ్మాలు. వీధి అనే అర్థం వచ్చే గేట్ వైకింగులు (డెన్మార్క్, నార్వేల నించి ఓడల్లో దండెత్తి వచ్చినవాళ్ళు) తెచ్చిన మాట, వాళ్ళ భాషలో గాటా అంటే దారి. గుమ్మం అనే అర్థం వచ్చే గేట్ పాత ఇంగ్లీషు మాట, ఇది వేరు. రెండూ ఒకే స్పెల్లింగులోకి వచ్చి పడ్డాయి, దాంతో మీలాంటివాళ్ళు వానలో తడుస్తున్నారు. స్కాట్లండులో గుమ్మానికి ఫ్రెంచివాళ్ళ పోర్ట్ వాడారు కాబట్టి అక్కడ తగువు లేదు.

కాపర్‌గేట్ అంటే రాగి వీధి కాదు, చెక్కతో గిన్నెలు కప్పులు తరిగేవాళ్ళ వీధి. ఇంకో తమాషా, ఇక్కడ షాంబుల్స్ అనే వీధి ఉంది, టూరిస్టులు ఎగబడతారు. అది ఒకప్పటి మాంసం కొట్ల వీధి. పాత ఇంగ్లీషులో బల్లకి ఉన్న మాట అది, మాంసం పరిచే బల్ల. ఆ మాటే నెత్తురూ పేగులూ కలిసి ఇవాళ ఇంగ్లీషులో 'అంతా చిందరవందర' అనే అర్థంలోకి పోయింది. ఆఫీసులో ప్రాజెక్టు షాంబుల్స్ అయిందని ఎవరన్నా అంటే నాకు మాంసం దుకాణమే కనిపిస్తుంది.

గ్లాస్గో_గోంగూర · శని, రాత్రి 11:31
కౌగేట్ పేరు కూడా ఆవుల్ని మేతకి తోలుకెళ్ళే దారి అనే. కానన్‌గేట్ అంటే హోలీరూడ్ మఠం సాధువులు నడిచే దారి. మఠం 1128 నాటిది. వింతేంటంటే ఆ కానన్‌గేట్ 1856 దాకా ఎడిన్‌బరాలో భాగమే కాదు, వేరే ఊరు! ఒకే రోడ్డు మీద నడుస్తుంటే మధ్యలో ఊరు మారిపోయేది.

ఓరుగల్లు_పోరి · శని, రాత్రి 11:40
అవ్ ఆ రెండు ఊర్ల నడుమనే నెదర్‌బో పోర్ట్ అని పెద్ద దర్వాజ ఉండె, 1764ల కూలగొట్టిన్రు, ఇప్పుడు రోడ్డు మీద ఇత్తడి బిళ్ళలు పెట్టి గుర్తు ఉంచిన్రు, కార్లు దాని మీద నుంచే పోతయి ఎవ్వలు చూడరు. దాని పక్క సందు పేరు వరల్డ్స్ ఎండ్ క్లోజ్. ఊరు గోడ కాడనే లోకం అయిపోయినట్టు అన్నట్టు. మా నాయనమ్మ గూడ పొలిమేర దాటితె పొద్దుగూకే లోపట రావాలె అంటుండె, నాకు ఆ సందుల నిలబడితె గదే యాదికొచ్చింది.

లీత్ ముచ్చట గూడ చెప్త. 1920ల జనం వద్దు వద్దు అని ఓటేసినా ఎడిన్‌బరాల కలిపేసిన్రు. మా బిల్డింగ్‌ల ముసలాయన ఇప్పటికీ ఎడిన్‌బరా పోయొస్త అంటడు. బస్సుల పదిహేను నిమిషాలు.

అచ్చతెనుగు_అప్పారావు · ఆది, ఉదయం 6:15
అందరూ వైకింగులంటున్నారు ఫ్రెంచంటున్నారు గానీ అసలు బర్గ్, బరో, బరా ఇవన్నీ మన పురం నుంచి వచ్చినవే. పురం → పుర్ → బుర్ → బర్గ్. సింహపురం సింగపూర్ అవ్వలేదా? ఇంత సూటిగా కనపడుతుంటే ఎందుకు ఒప్పుకోరో. ఎడిన్‌బర్గ్ అంటే ఏదో ఒక పురమే.

లా_లలిత · ఆది, ఉదయం 8:02
వచ్చేశారండీ అప్పారావు గారు 🙏 నేను ఎదురు చూస్తున్నా

యార్క్_మాస్టారు · ఆది, ఉదయం 10:45
అప్పారావు గారూ, తలుపు సరైందే తట్టారు గానీ ఇల్లు మారిపోయింది. పురానికి చుట్టం ఉంది, అది బర్గ్ కాదు, గ్రీకువాళ్ళ పోలిస్. సంస్కృతం పుర్, గ్రీకు పోలిస్ ఒకే తల్లి పిల్లలని భాషాశాస్త్రం వాళ్ళు చాలాకాలంగా చెప్తున్నారు. అంటే మన విజయపురం, సింహపురాలకి దూరపు చుట్టం ఎవరయ్యా అంటే పోలీసు! పాలిటిక్స్, పాలసీ, పోలీస్ అన్నీ ఆ పోలిస్ సంతానమే.

బర్గ్ సంగతికొస్తే పాత ఇంగ్లీషులో బుర్హ్, అంటే చుట్టూ గోడో కట్టో కట్టుకున్న చోటు. దీని మూలంలో 'ఎత్తు' అనే అర్థం ఉందనీ మన బృహత్ దానికి బంధువనీ ఎక్కువమంది పండితుల మాట. కాబట్టి మీకు సంస్కృతం బంధుత్వం కావాలంటే ఉంది, కాకపోతే 'నుంచి వచ్చింది' కాదు, జ్ఞాతులు.

ఇంగ్లండులో ఈ బుర్హ్‌ల కథ ఆల్ఫ్రెడ్ రాజు కాలంలో (871 నుంచి 899) ముదిరింది. వైకింగులు ఏ నదిలోంచి ఎప్పుడు దిగుతారో తెలీదు, అందుకని ముప్పై పైచిలుకు బుర్హ్‌లకి ఒక లెక్క రాశారు, దాన్ని బర్గల్ హైడేజ్ అంటారు. ఎంత ముచ్చటైన లెక్కో చూడండి, ఒక హైడ్ (ఒక కుటుంబానికి సరిపడే భూమి కొలత) భూమికి ఒక మనిషి, పదహారున్నర అడుగుల గోడకి నలుగురు మనుషులు. వించెస్టర్‌కి 2400 హైడ్లు రాశారు. అంటే 2400 మంది, 600 ముక్కల గోడ, 9,900 అడుగులు. ఆ ఊరి పాత గోడ కొలిస్తే దాదాపు అంతే వస్తుంది! వెయ్యేళ్ళ కిందటి ఎస్టిమేటు.

తర్వాత ఆ మాటే ఒకచోట బరో, ఒకచోట బరీ (కాంటర్‌బరీ, ష్రూస్‌బరీ), స్కాట్లండులో బర్గ్ అని రాసి బరా అని పలకడం. ఎడిన్‌బర్గ్ అనకండి దయచేసి, స్టేషన్లో టికెట్టు ఇస్తారు గానీ మనసులో నవ్వుకుంటారు.

పిట్స్‌బర్గ్_పంతులు · ఆది, సాయంత్రం 4:10
మరి మమ్మల్ని ఏం చెయ్యమంటారు మాస్టారూ? మా ఊరికి పేరు పెట్టినాయన జాన్ ఫోర్బ్స్ అనే స్కాట్లండు సేనాని, 1758లో. ఆయన నోట్లో అది పిట్స్‌బరా అనే ఉండొచ్చని మా వైపు చాలామంది అంటారు. జనం నోట్లో పడి బర్గ్ అయింది. 1891లో వాషింగ్టన్‌లో ఊళ్ళ పేర్లు ఖరారు చేసే బోర్డు వాళ్ళు చివర హెచ్ పీకేశారు, ఊరివాళ్ళు పట్టు వదలకపోతే 1911లో మళ్ళీ ఇచ్చారు. ఒక్క అక్షరం కోసం ఇరవై ఏళ్ళు!

మన జనానికి మాత్రం పిట్స్‌బర్గ్ అంటే వెంకన్న గుడే, 1976 నుంచి. మా అత్తగారు ఊరి పేరే అనరు, 'కొండమీద గుడి ఊరు' అంటారు. ఎత్తు అనే అర్థం ఉందన్నారుగా, ఆవిడే కరెక్టేమో 🙂

అచ్చతెనుగు_అప్పారావు · ఆది, సాయంత్రం 5:30
జ్ఞాతులు అని ఒప్పుకున్నారుగా, చాలు. మరి టౌన్ అంటే? అది కూడా చెప్పేయండి.

అబర్దీన్_ఆవకాయ · ఆది, రాత్రి 8:25
టౌన్ నేను చెప్తా అన్నా, మా వైపు ఇది రోజూ వినే మాట. పాత ఇంగ్లీషులో టూన్ అంటే కంచె, కంచె వేసిన జాగా, అందులోని ఇల్లూ పొలమూ. జర్మన్‌లో ఇప్పటికీ త్సౌన్ అంటే కంచెనే, డచ్‌లో అదే మాట పెరటితోటకి వాడతారు. ఇంగ్లండులో అది పెద్దదై పెద్దదై పట్టణం అయింది. స్కాట్లండులో మాత్రం టూన్ అంటే చాలాకాలం రైతు కమతం. నాలుగు కుటుంబాలు కలిసి దున్నుకునే చోటు ఫెర్మ్‌టూన్, చర్చి ఉంటే కిర్క్‌టూన్, మర ఉంటే మిల్‌టూన్. మ్యాపులో కిర్క్‌టన్, మిల్టన్ అని ఎక్కడ పడితే అక్కడ కనిపించేది ఇందుకే. అబర్దీన్‌లో పుట్టిపెరిగినవాణ్ణి టూన్సర్ అంటారు, నాకు పన్నెండేళ్ళు అయినా ఆ బిరుదు ఇవ్వలేదు, మా పాపకి ఇచ్చారు.

మన వాడ కూడా ఇంతే కదా. సంస్కృతం వాటం అంటే కంచె వేసిన జాగా, పుష్పవాటికలో ఉన్నది అదే. కంచె నించి ఇళ్ళ వరస, ఇళ్ళ వరస నించి ఊరు. వాళ్ళ టౌనూ మన వాడా వేరువేరు దార్లలో వచ్చి ఒకే చోట కలిశాయి, చుట్టరికం ఏమీ లేకుండానే. నాకైతే ఇదే ఎక్కువ బావుంది.

లా_లలిత · ఆది, రాత్రి 9:15
నా వంతు. హైదరాబాద్‌లో లా చదివినప్పుడు మూట్ కోర్టు అని తెగ పోటీలకి తిరిగాం కదా, ఒక్కళ్ళం కూడా మూట్ అంటే ఏంటని అడగలేదు. పాత ఇంగ్లీషులో గెమోట్, అంటే జనం కూడటం. ఊళ్ళో తగువు తేల్చడానికి కూడే సభ. మూట్ హాల్ అంటే రచ్చబండకి కప్పు వేస్తే వచ్చేది.

బైలాస్ అయితే ఇంకా ఘోరం. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రోజుకి పదిసార్లు బైలాస్ బైలాస్ అని కొట్టుకుంటారు, కుక్కలు లిఫ్టులో రావచ్చా లేదా అని. ఆ బై ఏంటంటే వైకింగుల భాషలో ఊరు. డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ చివర ఉన్నదే. అంటే ఊరి కట్టుబాటు. ఈ ముక్క గ్రూపులో పెడితే ఒకాయన మేడమ్ టాపిక్ డైవర్ట్ చెయ్యకండి అన్నారు.

ఇంకోటి, మన అసెంబ్లీలో వాచ్ అండ్ వార్డ్ సిబ్బంది అని పేపర్లో చదువుతాం కదా. 1285లో ఇంగ్లండులో వించెస్టర్ శాసనం అని వచ్చింది, ఊళ్ళు రాత్రి కాపలా పెట్టుకోవాలని. వాచ్ రాత్రి కాపలా, వార్డ్ పగటి కాపలా అని అర్థం చెప్పుకునేవారు. వార్డ్, గార్డ్ రెండూ ఒకటే మాట, ఫ్రెంచివాళ్ళ నోట్లో గకారం అయింది. కార్పొరేటర్ ఉండే మన 14వ వార్డు కూడా అదే, ఊళ్ళో ఒక ముక్క, ఆ ముక్క కాపలా ఆ ముక్కవాళ్ళది. కర్ఫ్యూ కూడా ఇలాంటిదే, ఫ్రెంచిలో నిప్పు కప్పెట్టు అని. రాత్రి గంట కొడితే పొయ్యి బూడిద కప్పి పడుకోవాలి, చెక్క ఇళ్ళు కాబట్టి. పాతబస్తీలో కర్ఫ్యూ చూసినవాళ్ళకి పొయ్యి గుర్తొస్తుందా చెప్పండి.

అబర్దీన్_ఆవకాయ · ఆది, రాత్రి 9:50
లలిత గారూ కోర్టు మాట ఎత్తారు కాబట్టి నా కథ. రెండేళ్ళ కిందట ఇంటికి ఉత్తరం వచ్చింది షెరిఫ్ కోర్టు నించి. షెరిఫ్ అనగానే నాకు టోపీ, నక్షత్రం బ్యాడ్జి, నడుముకి పిస్తోలు, గుర్రం. ఏం చేశానురా దేవుడా అని మా ఆవిడా నేనూ రాత్రంతా కూర్చున్నాం, పార్కింగ్ ఫైన్ ఏదన్నా కట్టలేదా అని. తీరా చూస్తే జ్యూరీకి పిలుపు! మన పాస్‌పోర్టు అయినా కామన్వెల్త్ కింద ఓటరు లిస్టులో ఉంటాం కదా, దాన్నించి పేరు తీశారు. ఇక్కడ షెరిఫ్ అంటే జడ్జి. క్రిమినల్ కేసు జ్యూరీలో 15 మంది కూర్చుంటారు.

మాట పుట్టుక షైర్ రీవ్, అంటే జిల్లాకి రాజు పెట్టిన మనిషి. రీవ్ అంటే కరణమూ మునసబూ కలిపితే వచ్చేవాడు అనుకోండి. ఒకే మాట అమెరికా పోయి పిస్తోలు పట్టింది, స్కాట్లండులో విగ్గు పెట్టుకుంది.

గ్లాస్గో_గోంగూర · ఆది, రాత్రి 10:05
స్కాట్లండులో మేయరు కూడా ఉండడు కదా, ప్రొవోస్ట్. పెద్ద ఊళ్ళలో లార్డ్ ప్రొవోస్ట్. మా తమ్ముడు అమెరికా యూనివర్సిటీలో చదువుతూ ప్రొవోస్ట్ (అక్కడ చదువుల వ్యవహారాలు చూసే పెద్ద అధికారి) ఆఫీసు నించి మెయిల్ వచ్చిందంటే నేను మేయర్ నీకెందుకు రాశాడ్రా అన్నా 😄 ఇక్కడ ప్రొవోస్ట్ కింద బైలీలు. కౌన్సిలర్లలో కొంతమందికి ఇప్పటికీ ఆ బిరుదు ఇస్తారు.

భీమవరం_బుల్లోడు · సోమ, తెల్లవారి 1:30
చాలా కాలంగా చదవడమే గానీ రాయలేదు, ఇవాళ ఆగలేకపోతున్నానండి. ట్రాన్‌గేట్ అన్నారు కదా ఎవరూ దాని గురించి చెప్పలేదు. ట్రాన్ అంటే కాటా. ఊరికంతటికీ ఒకే పెద్ద కాటా, బజారు మధ్యలో. ఎడిన్‌బరాలో ట్రాన్ కిర్క్ అనే చర్చి కూడా ఆ కాటా పక్కన కట్టారని ఆ పేరు. వెన్న, ఉన్ని ఏదైనా అక్కడ తూయించాలి, తూకంలో మోసం చేసినవాణ్ణి చెవికి మేకు కొట్టి ఆ కాటాకే తగిలించేవారట. మన ఊళ్ళలో లారీలు తూచేదానికి ధర్మకాటా అని ఎందుకు పేరు పెట్టారో నాకు గ్లాస్గోలో అర్థమైంది.

మా తాతగారు సంత ఆశీలు పాడేవారు. అంటే ఏడాదికోసారి పంచాయతీ వేలం పెడుతుంది, ఎక్కువ పాడినవాడు ఆ ఏడాది అంతా సంతలో బండికింత బుట్టకింత అని వసూలు చేసుకుంటాడు. నేను సెలవల్లో ఆయన వెనకాల రసీదు పుస్తకం పట్టుకుని తిరిగేవాణ్ణి. కూరగాయల అవ్వ దగ్గర డబ్బులు లేకపోతే నాలుగు వంకాయలు బుట్టలో వేసేది. గ్లాస్గో క్రాస్ దగ్గర టోల్‌బూత్ గోపురం ఉంటుంది చూడండి, ఏడంతస్తులు, 1626 ఆ ప్రాంతంలోది, రోడ్ల మధ్య ఒంటరిగా నిలబడి ఉంటది. నాకు మొదట్లో అది గడియార స్తంభం అనే. తర్వాత తెలిసింది టోల్‌బూత్ అంటే ముందు ఆశీలు కట్టే చావిడి. తర్వాత అక్కడే కౌన్సిలు కూడింది, అక్కడే కోర్టు, అక్కడే కటకటాలు. పన్ను కట్టనివాణ్ణి ఎక్కడ పెట్టాలి మరి, అక్కడే! మన కచేరీ చావడి కూడా అంతే కదండీ, శిస్తు అక్కడే, బందెలదొడ్డి పక్కనే.

ఇంకా ఆశ్చర్యం ఏంటంటే స్కాట్లండు బర్గులు (రాజు ప్రత్యేక హక్కులిచ్చిన ఊళ్ళు) కూడా ఈ ఆశీలు ఏటేటా వేలం వేసేవి. వేలానికి వాళ్ళ మాట రూప్. పాడుకున్నవాణ్ణి టాక్స్‌మన్ అనేవాళ్ళు. టాక్స్ కాదు, టాక్, అంటే కౌలు. మా తాతగారు గ్లాస్గోలో పుట్టి ఉంటే టాక్స్‌మన్ అన్నమాట. పిండి బస్తా వస్తే బస్తాకి ఒక గరిటెడు తీసుకునేవారు, ఆ పన్ను పేరే లాడిల్, గరిటె! కళ్ళంలో మేర కొలిచినట్టు. ఊళ్ళో ఉరి తీసేవాడికి కూడా జీతం ఇలాగే, బస్తాకి గుప్పెడు. గుప్పెడుకి మాట లాక్, అందుకని వాణ్ణి లాక్‌మన్ అన్నారు. తాళాలేసేవాడనుకున్నా ముందు.

ఊళ్ళో బర్గెస్ అనే హోదా ఉన్నవాడే వ్యాపారం చెయ్యాలి, వాడికి రోడ్డు మీద మొహం ఉన్న పొడుగాటి స్థలం, దాని వెనక పెరడు. హోదా లేనివాడు రోజుకింత కట్టి బల్ల పెట్టుకుంటాడు, వాడు స్టాలెంజర్. వంకాయల అవ్వ అన్నమాట. మన్నించాలి చాలా పెద్దదైపోయింది.

కాకినాడ_కాజా · సోమ, ఉదయం 7:50
బుల్లోడు గారూ బస్సులో చదువుతూ స్టాపు దాటిపోయానండి. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదండి మీరు

యార్క్_మాస్టారు · సోమ, ఉదయం 9:30
అద్భుతం. ఈ బర్గెస్సులూ వేలాలూ అన్నీ స్కాట్లండు డేవిడ్ రాజు (1124 నుంచి 1153) బర్గులు స్థాపించిన దగ్గర్నుంచి పెరిగిన వ్యవస్థ. ఆ బర్గులన్నీ 1975 మే నెలతో చట్టప్రకారం పోయాయి, మాటలు మాత్రం పోలేదు. 1833 చట్టంలో పోలీస్ బర్గ్ అని కూడా ఒకటి పుట్టింది, అక్కడ పోలీసు అంటే లాఠీ కాదు, రోడ్లు పరచడం, దీపాలు పెట్టడం, చెత్త ఎత్తడం. అంటే మునిసిపాలిటీ. పురానికి పోలీసు చుట్టం అన్నప్పుడు అప్పారావు గారు నవ్వి ఉంటారు, ఇదిగో సాక్ష్యం.

బర్గెస్, ఆల్డర్‌మన్ మన దాకా కూడా వచ్చాయి. మద్రాసు కార్పొరేషను చార్టరు 1687 డిసెంబరులో రాశారు, 1688 సెప్టెంబరు 29న మొదలైంది. మేయరు, పన్నెండుమంది ఆల్డర్‌మన్లు, బర్గెస్సులు, అచ్చం ఇంగ్లండు ఊరు లాగే. ఆ ఆల్డర్‌మన్లలో చిన్న వెంకటాద్రి అనే వర్తకుడు ఉన్నాడు. ఆల్డర్‌మన్ అంటే 'పెద్ద మనిషి'. మనం ఊళ్ళో పెద్దమనుషులు అంటాం కదా, ముక్కకి ముక్క అదే.

టొరంటో_టమాటా · సోమ, రాత్రి 7:15
కెనడా నించి ఒక ముక్క. ఇక్కడ ఎన్నికల నియోజకవర్గాన్ని రైడింగ్ అంటారు. నేను గుర్రం మీద తిరిగి హద్దులు వేశారేమో అని మా పిల్లలకి చెప్పేశాను కూడా 🤦 అసలు సంగతి యార్క్‌షైర్‌ది అంట కదా మాస్టారూ?

యార్క్_మాస్టారు · సోమ, రాత్రి 8:00
అవునమ్మా. వైకింగుల భాషలో థ్రిథ్యుంగ్, మూడో వంతు. యార్క్‌షైర్‌ని నార్త్, వెస్ట్, ఈస్ట్ అని మూడు ముక్కలు చేశారు. నార్త్ చివర థ, థ్రైడింగ్ మొదట థ, రెండూ కలిసి ఒకటి లోపించింది. మన సంధి సూత్రమే. అందుకే సౌత్ రైడింగ్ లేదు, మూడో వంతులు నాలుగు ఉండవు కదా. మీ కెనడాలో మూడొందలు దాటి ఉన్నాయి, అది వేరే సంగతి. పిల్లలకి గుర్రం కథే ఉంచండి, బావుంది.

లా_లలిత · సోమ, రాత్రి 8:20
హస్టింగ్స్ (ఎన్నికల ప్రచార సభలు) కూడా వైకింగులదే కదా, ఇల్లు ప్లస్ థింగ్. థింగ్ అంటే సభ! వస్తువు కాదు. స్కాట్లండులో డింగ్‌వాల్ అనే ఊరు పేరులో కూడా ఆ థింగే, సభ జరిగే మైదానం.

ఓరుగల్లు_పోరి · సోమ, రాత్రి 9:05
మా అమ్మ ముచ్చట చెప్తా ఇగ. పోయిన ఎండాకాలం వచ్చింది. సెయింట్ జైల్స్ చర్చి ముంగట నేల మీద రాళ్ళతోటి గుండె ఆకారం ఉంటది, మా అమ్మ దూరం నుంచే చూసి ఎంత మంచిగ ముగ్గేసిన్రు, తొక్కకు అని నన్ను గుంజింది. గంతల ఒకాయన సూటు బూటు ఏసుకున్నోడు వచ్చి దాని నడుమల తుపుక్కున ఉమ్మి పోయిండు. అమ్మకి కోపం నషాళానికెక్కింది. గప్పుడు చెప్పిన, గది పాత టోల్‌బూత్ ఉన్న జాగా, జైలు గుమ్మం గదే, 1817ల కూలగొట్టిన్రు, జైలు మీద కసితోటి ఉమ్ముడు అలవాటైంది అని. అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, అయితే ఉమ్మనీ అన్నది 😂

దాని పక్కనే మెర్కట్ క్రాస్. మెర్కట్ అంటె మార్కెట్. రాజు మారితె ఆడ నిలబడి చదువుతరు, 2022 సెప్టెంబర్ 11 నాడు చార్లెస్ పేరు చదివితె నేను గుంపుల ఉన్న, ఏం వినవడలె. మా ఊర్ల డప్పు కొట్టి చాటింపు ఏసెటోళ్ళే నయం, ఇంటి ముంగటికి వచ్చి చెప్తరు.

గ్లాస్గో_గోంగూర · సోమ, రాత్రి 9:30
మీ అమ్మగారికి దండాలు 🙏 స్టీమీ గురించి ఎవరూ అనలేదే? గ్లాస్గోలో ఊరుమ్మడి చాకిరేవు, ఆడవాళ్ళంతా బట్టలు తెచ్చి ఆవిరి తొట్లలో ఉతుక్కునే హాలు. ఇప్పుడు లేవు గానీ ఏదన్నా పుకారు ఊరంతా పాకితే 'స్టీమీలో అదే మాట' అంటారు. ఇంకా మా పక్కింటి మామ్మ మెసేజెస్‌కి వెళ్ళొస్తా అంటుంది, నేను ఫోన్ రిపేరుకి వెళ్తుందేమో అనుకునేదాన్ని, తీరా చూస్తే పాలు బ్రెడ్డు సంచి పట్టుకుని వస్తుంది. మెసేజెస్ అంటే సరుకులు.

కాకినాడ_కాజా · బుధ, సాయంత్రం 6:40
ఏవండోయ్ మళ్ళీ నేనే. ఓనర్ మెసేజ్ పెట్టాడు (సరుకులు కాదు, నిజం మెసేజే). పాత సోఫా మెట్ల మీద ఉంచొద్దు, ఫ్యాక్టర్ ఊరుకోడు, కౌన్సిల్‌కి ఫోన్ చేసి అప్‌లిఫ్ట్ బుక్ చేసుకో అని. ఫ్యాక్టరీ వాళ్ళకీ నా సోఫాకీ ఏంటండీ సంబంధం? ఇంకా ఈ బిల్డింగులో అసలు లిఫ్టే లేదు!

అబర్దీన్_ఆవకాయ · బుధ, సాయంత్రం 7:02
ఫ్యాక్టర్ అంటే బిల్డింగు మెయింటెనెన్స్ చూసే ఏజెంటు. అప్‌లిఫ్ట్ అంటే కౌన్సిల్ బండి వచ్చి పట్టుకెళ్ళడం. రోడ్డు పక్కనించే పట్టుకెళ్తారు, కిందికి దించేది మాత్రం నువ్వే తమ్ముడూ.

కాకినాడ_కాజా · బుధ, సాయంత్రం 7:05
అయ్యబాబోయ్. శనివారం ఎవరన్నా ఖాళీయా అండి? మా అమ్మ పంపిన కాజాలు ఉన్నాయి

ఓరుగల్లు_పోరి · బుధ, సాయంత్రం 7:09
కాజాలంటె నేను మా రూమ్మేట్ ఇద్దరం వస్తం. ఎన్నో అంతస్తు?

కాకినాడ_కాజా · బుధ, సాయంత్రం 7:10
3ఎఫ్2 అని మొదటి పోస్టులోనే రాశాను కదండీ

ఓరుగల్లు_పోరి · బుధ, సాయంత్రం 7:11
కాజాలు కిందికి తీస్కరా